ట్యాంకు మూత ఎవరి పని?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా డాబా మీద నీళ్ల ట్యాంకు మూత ఎగిరిపడి అంచు పగిలింది. ఉద్దానంలో కొబ్బరితోటలే కూలిపోతే మా మూత ఓ లెక్కా అనుకున్నాం. "కొత్తది తెస్తాన్లే" అన్నారు మావారు. ఆ 'లే' మూడు వారాలు సాగింది. ఈలోగా మా చిన్నదానికి డెంగీ.

ఆ దోమ మురుగు కన్నా మనం నిలవ ఉంచుకున్న మంచినీళ్లలోనే ఎక్కువగా పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. జ్వరం ఆ మూత వల్లే వచ్చిందని చెప్పలేను. కాదని నా మనసుకి నచ్చజెప్పుకోనూ లేను.

చివరికి నేనే డాబా ఎక్కాను. పగులుకి అటూఇటూ కాల్చిన మేకుతో కంతలు పెట్టి నైలాన్ దారంతో కుట్టాను. కింద దోమతెర గుడ్డ పరిచి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించాను. గాలికి లేవకుండా తాడు కట్టాను. ఎండకి పెళుసెక్కిన మూతకి మాత్రం ఏ అతుకూ నిలవదు, మార్చేయాల్సిందే.

వంటింట్లో గిన్నె మీద మూత లేకపోతే మనల్ని అంటారు. డాబా మీద మూత మగవాళ్లదంటారు. 'ఎవరో చూస్తార్లే' అనుకున్న పని ఎవరూ చూడరు. అందుకే మా ఇంట్లో శుక్రవారం మూత చూసే రోజు. ఓ వారం నా వంతు, ఓ వారం ఆయన వంతు. మీ ఇంట్లో ఎవరి వంతు?