ప్రతి కళాశాల తన కర్బన లెక్క గోడమీద పెట్టాలి

విద్యార్థులకు, అధ్యాపకులకు, కళాశాల యాజమాన్యాలకు, విశ్వవిద్యాలయ పాలకులకు విజ్ఞప్తి

2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఎండలో పనిచేయక తప్పని కూలీలు, నీడపట్టున ఉన్నా ఆ వేడికి తట్టుకోలేని వృద్ధులు ఎక్కువగా బలయ్యారు. ఆ తర్వాత వేసవులు చల్లబడింది లేదు. కొలతలు మొదలైన నాటినుంచీ 2024 అంతటి వేడి సంవత్సరం మరొకటి లేదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. పరిశ్రమలు రాకముందటి సగటుతో పోలిస్తే ఆ ఏడాది భూమి వేడి దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువ. పారిస్ ఒప్పందంలో దేశాలు గీసుకున్న 1.5 డిగ్రీల గీత దీర్ఘకాలపు సగటుకు సంబంధించినది కాబట్టి, ఒక్క ఏడాది దాటినంతలో ఆ లక్ష్యం చేజారినట్టు చెప్పలేం. అయినా మనం ఎటు పోతున్నామో ఆ అంకె చెబుతూనే ఉంది. ఈ పరిస్థితిలో మన కళాశాలలు చేస్తున్నదేమిటి? పర్యావరణ దినమైన జూన్ 5న మొక్కలు నాటడం, వ్యాసరచన పోటీ పెట్టడం, బ్యానరు పట్టుకుని ఊరేగింపు తీయడం. వీటిని తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఆ మొక్కలు నాటిన కళాశాల ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు వాడింది, ఎన్ని లీటర్ల డీజిల్ కాల్చింది, మెస్‌లో ఎంత అన్నం పారబోసింది అని అడిగితే చెప్పగలిగినవాళ్లు ఆ ప్రాంగణంలో దాదాపు ఉండరు. ఈ కరపత్రం కోరేది ఒక్కటే: ప్రతి కళాశాల ఏటా తన కర్బన లెక్క కట్టి అందరికీ కనిపించేలా ప్రకటించాలి, ఏటా దాన్ని తగ్గించి చూపాలి, విశ్వవిద్యాలయాలు అనుబంధ గుర్తింపుకు దీన్ని షరతుగా పెట్టాలి.

ముందు లెక్కే ఎందుకంటే, లెక్క కట్టనిదే ఏ పనికి ఎంత ఫలం ఉందో తెలియదు. ఇది కష్టమైన గణితం కూడా కాదు. మన దేశపు గ్రిడ్‌లో ఇప్పటికీ బొగ్గుదే పెద్ద వాటా, కాబట్టి ఒక యూనిట్ కరెంటు వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఒక లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోలు, ఒక కిలో వంటగ్యాస్ కాలిస్తే ఇంచుమించు 3 కిలోలు వెలువడతాయి. ఊరి బయట ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలను ఊహించండి. ఏడాదికి 5 లక్షల యూనిట్లు వాడుతుంది అనుకుంటే కరెంటు పద్దు కింద 350 టన్నులు. దానికి 40 బస్సులున్నాయి, ఒక్కోటి రోజుకు 80 కిలోమీటర్లు తిరిగి 20 లీటర్లు తాగుతుంది, ఏడాదికి 200 రోజులు నడుస్తుంది అనుకుందాం. అప్పుడు 1 లక్షా 60 వేల లీటర్లు, అంటే 430 టన్నులు. దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, కంప్యూటర్లు అన్నీ కలిసినా బస్సులతో తూగలేదు! బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చుకునేది మోటుగా 20 కిలోలు అనుకుంటే, ఆ బస్సుల పొగ ఒక్కదానికే 21 వేలకు పైగా పెద్ద చెట్లు కావాలి. జూన్‌లో నాటిన వంద మొక్కలు, అవీ అన్నీ బతికి పెద్దవైతే, ఈ పద్దులో రెండు టన్నులు. ఇక్కడి అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. ఏ కళాశాలకు ఆ కళాశాల తన బిల్లులు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క రోజులో అసలు అంకెలు తేలుతాయి. తేలిన రోజున ఎక్కడ చేయి వేయాలో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

లెక్క తేలాక చేయవలసిన పనులు చాలావరకు తెలిసినవే, పెద్ద ఖర్చు లేనివే. కళాశాల వాడకం పగటిపూట ఎక్కువ, సౌరఫలకం పనిచేసేదీ పగటిపూటే. డాబామీద ఒక కిలోవాట్ ఫలకాలకు వంద చదరపు అడుగుల చోటు చాలు. మన ఎండకు అది ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది. కిలోవాట్‌కు 50 వేల రూపాయల ఖర్చు, యూనిట్ ధర ఏడు రూపాయలు అనుకుంటే, అయిదారేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. ఫలకాలు పాతికేళ్లు పనిచేస్తాయి. సెలవుల్లో తరగతులు ఖాళీగా ఉన్నప్పుడు మిగిలే కరెంటు నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కు పోయి, వేసవి ఎద్దడిలో ఊరికి పనికొస్తుంది. ఇక ఫ్యాన్ల సంగతి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు పద్నాలుగు గంటలు తిరిగే హాస్టల్ గదిలో ఒక్కో ఫ్యాన్ మీద ఏడాదికి 170 యూనిట్లకు పైగా మిగులుతాయి. కాబట్టి మార్పు తరగతి గదికంటే ముందు హాస్టల్‌లో మొదలవ్వాలి. పై అంతస్తు గదులు మధ్యాహ్నానికి కొలిమిలా మారడానికి కారణం వేడెక్కిన కాంక్రీటు. డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేస్తే గది వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఈ మేలు గుర్తించే 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఏసీ తప్పనిసరైన చోట దాన్ని 24 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు. ఒక్కో డిగ్రీ పెంచిన కొద్దీ సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో ఎప్పుడో చెప్పింది.

మెస్ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ పారబోసే అన్నం రెండు విధాల నష్టం. వరి పండించడానికి పెట్టిన నీళ్లు, ఎరువు, కరెంటు అన్నీ వృథా. పైగా చెత్తకుప్పలో గాలి ఆడకుండా కుళ్లిన అన్నం నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్ల దాకా వేడిని పట్టి ఉంచుతుంది, ఇరవయ్యేళ్ల లెక్కలో 80 రెట్లకు పైనే. అదే మీథేన్‌ను మూసిన తొట్టిలో పట్టుకుంటే వంటగ్యాస్. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో మిగిలిపోయిన కూరగాయలు రోజుకు పది టన్నుల దాకా తీసుకుని గ్యాస్, కరెంటు తీసే ప్లాంటు నడిచింది. దానికి సాంకేతికత ఇచ్చింది తార్నాకలోని ఐఐసీటీ, అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పక్కనే ఉన్న రసాయన పరిశోధన సంస్థ. వేలమందికి సౌర ఆవిరితో వండవచ్చని తిరుమలలో 2002లోనే చేసి చూపించారు. ఇలాంటివి సాధ్యమైనప్పుడు వెయ్యిమంది భోంచేసే హాస్టల్‌కు చిన్న బయోగ్యాస్ తొట్టి అసాధ్యమైన కోరికేమీ కాదు. అంతకంటే ముందు చేయవలసినది, రోజూ మిగిలిన అన్నాన్ని తూచి ఆ బరువును మెస్ గోడమీద రాయడం. ఎంత పారబోస్తున్నామో కళ్లముందు కనిపిస్తే వండేవాళ్లూ వడ్డించేవాళ్లూ తినేవాళ్లూ జాగ్రత్తపడతారు.

చెట్ల మాట తీసేయడం లేదు. ప్రాంగణంలో చెట్టు విలువ పొగ పీల్చడంకంటే నీడ ఇవ్వడంలో, నేలను చల్లబరచడంలో, వాననీటిని ఇంకించడంలో ఎక్కువ. అందుకు వేప, కానుగ, రావి, చింత మనకున్నాయి. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వరుసలు పెంచడం మాని వాటిని నాటాలి. కొత్తగా నాటడంకంటే ముఖ్యమైనది ఉన్నదాన్ని కాపాడుకోవడం. 2025లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు చెట్లు కూల్చడం మొదలుపెడితే విద్యార్థులు నిలబడి అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. పాత విశ్వవిద్యాలయాలకు ఉన్న ఇలాంటి బీళ్లు, కుంటలు, రాళ్లగుట్టలు, పొదలు ఆ నగరాలకు మిగిలిన చల్లని చోట్లు. ఏ భవనం కట్టాలన్నా ఎన్ని చెట్లు పోతాయో, ఏ కుంట పూడుతుందో ముందే కర్బన లెక్కలో రాసి అందరి ముందూ పెట్టాలి.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. భూమిని వేడెక్కించింది సంపన్న దేశాలు కదా, సగటు అమెరికన్ వదిలే కర్బనంలో సగటు భారతీయుడిది ఆరోవంతో ఏడోవంతో కదా, మన కళాశాల ఫ్యాన్లు మారిస్తే ఏం ఒరుగుతుంది? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. సంపన్న దేశాలు తమ బాధ్యత తీర్చాలని అంతర్జాతీయ వేదికల మీద మన దేశం గట్టిగా అడగవలసిందే. కానీ పైన చెప్పిన పనుల్లో ఏది చూసినా మనకు నష్టం తెచ్చేది లేదు. కరెంటు బిల్లు తగ్గుతుంది, గది చల్లబడుతుంది, జనరేటర్ పొగ తగ్గుతుంది. అమెరికా వాడు మారినా మారకపోయినా ఈ లాభం మనదే. సంఖ్య కూడా చిన్నది కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 45 వేలకు పైగా కళాశాలలు, ఉన్నత విద్యలో మొత్తం 4.33 కోట్ల విద్యార్థులు ఉన్నారు. జనాభాతో పోల్చి చూస్తే కళాశాలలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉన్నాయి. రేపు భవనాలు కట్టేదీ, డిస్కంలు నడిపేదీ, బ్యాంకుల్లో అప్పులు మంజూరు చేసేదీ ఈ గదుల్లో కూర్చున్నవాళ్లే. తమ కళాశాల లెక్క కట్టడం నేర్చినవాళ్లు రేపు ఒక ఊరి లెక్క, ఒక కర్మాగారం లెక్క కట్టగలరు.

డబ్బెక్కడిది అనేది రెండో అభ్యంతరం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు సుద్దముక్కలకే నిధులు చాలవు, ప్రైవేటు కళాశాల అయితే ఆ ఖర్చును ఫీజుల్లో కలుపుతుంది అంటారు. ఈ భయం నిజమైనదే కాబట్టి వరుస ముఖ్యం. లెక్క కట్టడానికి ఖర్చు లేదు. అన్నం తూచడానికి ఒక త్రాసు చాలు. ఏసీ 24 దగ్గర పెట్టడానికి, ఖాళీ గదిలో స్విచ్ ఆపడానికి పైసా అక్కర్లేదు. పాత ఫ్యాన్ చెడిపోయినప్పుడల్లా కొత్త రకం పెట్టుకుంటూ పోవచ్చు. సౌరఫలకాలకు చేతినుంచి పెట్టుబడి పెట్టలేని చోట, కంపెనీయే పెట్టి నిర్వహించి, వాడుకున్న యూనిట్‌కు ఇంత అని తీసుకునే ఒప్పందాలు ఉన్నాయి. ఆ ధర డిస్కం ధరకంటే తక్కువ ఉంటేనే సంతకం చేయాలి. బస్సుల విషయంలో ఇరుగు పొరుగు కళాశాలలు ఒకే దారిలో సగం ఖాళీగా నడిపే బస్సులను కలుపుకుంటే, ఆర్టీసీతో మాట్లాడి తరగతుల వేళకు సర్వీసులు వేయించుకుంటే ఖర్చు తగ్గేదే గానీ పెరిగేది కాదు. ఇక ఫీజు నియంత్రణ చేసే సంస్థలు ఒక్కమాట స్పష్టం చేయాలి: ఈ పేరుతో ఒక్క రూపాయి కూడా విద్యార్థి మీద వేయరాదు.

మూడో అభ్యంతరం అనుభవమున్న అధ్యాపకులది, అన్నిటికంటే గట్టిది. కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ తన ఏడో ప్రమాణం కింద గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ అడుగుతూ వచ్చింది. బృందం వచ్చే ముందు ఫైళ్లు తయారవుతాయి, వెళ్లాక బీరువాకెక్కుతాయి. ఇది ఇంకో ఫైలు అవుతుంది తప్ప ఒరిగేదేమిటి? పర్యావరణ విద్య చరిత్ర చూస్తే ఈ అనుమానం నిరాధారం కాదు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి డిగ్రీ విద్యార్థులందరికీ ఆ పాఠ్యాంశం తప్పనిసరైంది. చాలాచోట్ల అది పరీక్షకు ముందు గైడు చదివి గట్టెక్కే సబ్జెక్టుగా మిగిలిపోయింది. అందుకే మనం కోరేది ఆడిట్ నివేదికను కాదు, మూల అంకెలను. నెలనెలా డిస్కం బిల్లులోని యూనిట్లు, బంకు రసీదులోని లీటర్లు, సిలిండర్ల సంఖ్య, పారబోసిన అన్నం బరువు నోటీసు బోర్డు మీదా కళాశాల వెబ్‌సైట్‌లోనూ ఉండాలి. బిల్లు అబద్ధమాడదు, ఎవరైనా సరిచూడవచ్చు. ఆ లెక్క కట్టే పని బయటి కన్సల్టెంటుకు ఇవ్వకుండా విద్యార్థులకే ఇవ్వాలి. ఎలక్ట్రికల్ విద్యార్థి లోడు కొలుస్తాడు, సివిల్ విద్యార్థిని డాబా వేడి కొలుస్తుంది, వృక్షశాస్త్రం వాళ్లు చెట్లు లెక్కపెడతారు, బీకాం వాళ్లు పద్దు రాస్తారు. మార్కెట్లో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టులకంటే ఇది వెయ్యిరెట్లు మేలైన చదువు. అప్పుడు పర్యావరణ పాఠం కూడా గైడు దాటి బయటికి వస్తుంది.

విదేశీ అనుభవం నుంచి తీసుకోవలసిన హెచ్చరిక కూడా ఒకటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2025 నాటికి కర్బన తటస్థత సాధిస్తామని 2013లో ప్రకటించింది. ఆ గడువు అందుకోవాలంటే ఎక్కడో ఎవరో తగ్గించిన కర్బనాన్ని డబ్బిచ్చి కొని తమ ఖాతాలో వేసుకోవలసి వస్తుందని తేలాక, 2023లో విధానం మార్చుకుంది. 2019తో పోల్చి 2045 నాటికి తన ప్రాంగణాల్లోనే 90 శాతం తగ్గించడం ఇప్పుడు దాని లక్ష్యం. మన కళాశాలలు ఆ పొరపాటు దారిలో మొదలుపెట్టనక్కర్లేదు. తటస్థ ప్రాంగణం అనే బోర్డు మనకు వద్దు. పోయిన ఏటికంటే ఈ ఏడు ఎంత తగ్గింది అన్న నిజమైన అంకె కావాలి.

కాబట్టి అనుబంధ గుర్తింపు ఇచ్చే ప్రతి విశ్వవిద్యాలయానికీ, రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకూ మా కోరిక ఇది. వచ్చే విద్యాసంవత్సరం నుంచి కర్బన లెక్క ప్రకటించని కళాశాలకు గుర్తింపు పునరుద్ధరించవద్దు. మొదటి ఏడాది లెక్క మాత్రమే అడగండి, రెండో ఏడాది నుంచి తగ్గింపు అడగండి. ఆ నియమం విశ్వవిద్యాలయాల సొంత ప్రాంగణాలకే ముందు వర్తించాలి. ప్రిన్సిపాళ్లకు విజ్ఞప్తి: ఆదేశం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, నిరుటి కరెంటు బిల్లులు పన్నెండూ తీసి రేపే బోర్డుమీద అంటించండి. అధ్యాపకులారా, ఈ ఏడు ఒక్క ప్రాజెక్టు బృందానికైనా మీ కళాశాలనే అంశంగా ఇవ్వండి. విద్యార్థి మిత్రులారా, మీ కళాశాల కర్బన లెక్క ఎంత అని అడగడం మీ హక్కు. అడగండి, జవాబు రాకపోతే మీరే కట్టండి. ఈ వేడిలో అందరికంటే ఎక్కువ కాలం బతకవలసినవాళ్లు మీరు.