ఆటయు, చరిత్రయు

వీడియో ఆటలను పరిశోధించి విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందినవారు కలరన్న మన పెద్దలు నవ్వుదురు. ఆట బాలురది, చరిత్ర పండితులది యని వారి తలంపు. ఈ తలంపు విడువదగినదని మా యభిప్రాయము.

సంస్కృతి ఆటయందే పుట్టి పెరిగినదని హాలెండు చరిత్రకారుడగు యోహాన్ హైజింగా 1938 లోనే గ్రంథము వ్రాసెను. కంప్యూటరు ఆటల పరిశోధనకై ఎస్పెన్ ఆర్సెత్ ప్రభృతులు 2001 లో నొక పత్రికను నెలకొల్పిరి. ఆటయు చరిత్రరచనలో నొక రూపమే యని ఆడం చాప్‌మన్ 2016 లో నొక గ్రంథమున వాదించెను. మనకిది వింతయా? పాములకు దుర్గుణముల పేళ్లును, నిచ్చెనలకు సద్గుణముల పేళ్లును పెట్టి మన పూర్వులు వైకుంఠపాళి పటముమీద ధర్మమును బోధింపలేదా?

ఇట్టి పండితుని పని యేమి? 1991 లో వెలువడిన సివిలిజేషన్ అను ఆటను చూడుడు. ఆడువాడు నగరములు కట్టి, భూమి నాక్రమించి, రాజ్యమును పెంచుకొనవలయును. త్రోవ కడ్డమువచ్చు పేరులేని జనులు అందు బర్బరులు. ఈ నియమములు ఎవరి చరిత్రను బోధించుచున్నవో, పరుల యేలుబడి ననుభవించిన జాతికి వేఱుగ చెప్పవలెనా? పుస్తకమున చదివినదానిని శంకింపవచ్చును. స్వహస్తముతో నాడినది స్వానుభవమువలె మనసున నాటుకొనును. అందుచేతనే పరీక్ష యావశ్యకము.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ యాటలో 2013 లో భారతీయులందఱు నొక్క జాతిగా చేర్పబడిరి. 2022 లో హిందుస్థానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులని నాలుగు విభాగము లేర్పడెను. తెలుగువారు ద్రావిడులలో నిమిడిపోయిరి. కాకతీయులకు ప్రత్యేకస్థాన మందు లేదు. నిర్మాతలను నిందించి ప్రయోజనము లేదు. మన పండితులు పలుకనిచోట పరుల పలుకే ప్రమాణమగును.

మఱియొక యాపద కలదు. అమెరికాలో 2010 కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని అచటి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను 2023 లో తేల్చెను. గ్రంథాలయములు వానిని దూరముననున్న పరిశోధకుల కందించుటకు అనుమతి కోరగా, ఆ దేశపు కాపీరైటు కార్యాలయము 2024 లో నిరాకరించెను. ధనిక దేశముననే స్థితి యిట్లుండగా మనమాట యేమి?

ఊరూర గ్రంథాలయములకై పాటుపడిన యాంధ్రులకు నిలువచేయుట యన నేమో యొకరు నేర్పనక్కఱలేదు. హైదరాబాదున ఆటల నిర్మాణశాలలు వెలసినవి. నిర్మించు చేతులు మనకు కలవు. పరీక్షించు కన్నులును, భద్రపఱచు గృహములును కావలయును. మన విశ్వవిద్యాలయములు చరిత్రశాఖలలో నీ పరిశోధనకు చోటొసంగవలయును. ఇందు శ్రమించు యువకుని ఆటలతో కాలము పుచ్చువాడని తల్లిదండ్రులు చులుకన చేయకుందురుగాక. తన కథను తాను చెప్పుకొనని జాతి, యితరులు చెప్పిన కథకు తల యూపవలసినదే.