సడలని కండరానికి బిగింపు మందా?

దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందని చెప్పుకున్న స్త్రీకీ, ఎంతసేపు ముక్కినా విరేచనం సాఫీగా కావడం లేదని మొరపెట్టుకున్న పురుషుడికీ, కాన్పై ఏడాది గడిచినా కలయికలో నొప్పి తగ్గలేదని గొంతు తగ్గించి చెప్పిన తల్లికీ ఒకే సలహా ఇవ్వడం పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ వైద్యుల గదుల్లోనూ ఆనవాయితీగా స్థిరపడింది: కెగెల్ వ్యాయామాలు చేయండి, కింది కండరాలను బిగబట్టి వదలండి. ఈ సలహాకు ఆధారం రెండు నమ్మకాలు. కటి అడుగు కండరాలకు వచ్చే జబ్బు ఏదైనా బలహీనతేనన్నది మొదటిది. ఆ కండరాలను బిగించడం నోటిమాటగా చెబితే ఎవరికైనా వచ్చేస్తుందన్నది రెండవది. రెండూ తప్పే, అయితే మొదటిది చేసే హాని ఎక్కువ.

వైద్యులు పెల్విక్ ఫ్లోర్ అని పిలిచేది ముందు జఘనాస్థి నుంచి వెనుక తోక ఎముక వరకు ఊయలలా పరుచుకున్న కండరాల పొర. మూత్రాశయం, గర్భసంచి, పురీషనాళం దాని ఆసరాతోనే నిలబడతాయి. ఈ పొరకు పట్టి ఉంచడం ఎంత పనో, సమయానికి విడవడమూ అంతే పని. ఉదాహరణకు, ప్యూబోరెక్టాలిస్ అనే కండరం జఘనాస్థి దగ్గర బయలుదేరి, పురీషనాళం వెనుకగా చుట్టి, మళ్ళీ ఆ ఎముకకే వచ్చి చేరుతుంది. వడిసెల తాడులా అది నాళాన్ని ముందుకు లాగి మడతపెట్టి ఉంచడం వల్లనే మలం నిలుస్తుంది, విసర్జన వేళ అది సడలి మడత విప్పుకుంటేనే దారి తిన్ననవుతుంది. కొందరిలో సరిగ్గా సడలవలసిన ఆ క్షణంలోనే అది బిగుస్తుంది, దాంతో రోగి ముక్కేకొద్దీ దారి మూసుకుంటుంది. కండరాల పొత్తు కుదరని ఈ స్థితికి డిస్‌సినర్జిక్ డెఫెకేషన్ అని పేరు. ఇటువంటి రోగికి బిగింపు వ్యాయామం చెప్పడమంటే, తలుపు తెరుచుకోవడం లేదని వచ్చినవాడికి గడియ గట్టిగా పెట్టడం నేర్పడమే.

ఈ వ్యాయామాలకు పేరిచ్చిన అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచురించిన పద్ధతిని చూస్తే, నేడు ఆ పేరుతో చలామణీ అవుతున్నది అందులో సగమేనని తెలుస్తుంది. ఆయన నోటితో చెప్పి ఊరుకోలేదు. యోనిలో ఉంచే రబ్బరు గొట్టాన్ని ఒత్తిడి కొలిచే డయలుకు కలిపి, పెరీనియోమీటర్ అనే పరికరాన్ని తయారుచేసి, బిగించినప్పుడు ముల్లు కదులుతున్నదో లేదో రోగి తన కళ్ళతోనే చూసుకునే ఏర్పాటు చేశారు. శరీరంలో కంటికి కనబడని పనిని ముల్లుగానో గీతగానో శబ్దంగానో చూపించి, దాని ఆధారంగా రోగి తన ప్రయత్నాన్ని సరిదిద్దుకునేలా చేసే ఈ విధానాన్నే తరువాతి కాలం బయోఫీడ్‌బ్యాక్ అన్నది. తరువాతివారు వ్యాయామాన్ని ఉంచుకొని ముల్లును పారేశారు. ఫలితం 1991లో బంప్, ఆయన సహచరులు 47 మంది స్త్రీలను పరీక్షించినప్పుడు బయటపడింది: క్లుప్తంగా నోటితో చెప్పించుకున్నాక సరిగ్గా బిగించగలిగినవారు 49 శాతమే, 25 శాతం మంది మూత్రం పడటాన్ని ఇంకా పెంచగల రీతిలో ప్రయత్నించారు. పైకి ఎత్తవలసినదాన్ని కిందికి ముక్కడమే ఇందులో సాధారణంగా జరిగే పొరపాటు; పిరుదులు, తొడలు బిగించి పని అయిపోయిందనుకోవడం మరొకటి.

బయోఫీడ్‌బ్యాక్ గొప్ప ఖర్చుకు చిన్న ఫలితమని వాదించేవారు తరచూ చూపేది 2020లో వెలువడిన ఓపల్ పరిశోధనను. మూత్రం పడే సమస్య ఉన్న 600 మంది స్త్రీలలో సగం మందికి వ్యాయామ శిక్షణ మాత్రమే, తక్కిన సగానికి అదే శిక్షణతోపాటు కండరపు విద్యుత్ సంకేతాన్ని తెరమీద చూపే పరికరం కూడా ఇచ్చి, రెండేళ్ళ తరువాత పోల్చితే, 21 పాయింట్ల తీవ్రత కొలమానంలో పరికరం వాడినవారి సగటు 8.2, వాడనివారిది 8.5. తేడా లేదన్నది నిజమే. అయితే ఆ రెండు వర్గాల స్త్రీలకూ శిక్షణ పొందిన థెరపిస్టు 16 వారాల పాటు ఎదురుగా కూర్చొని నేర్పారన్న సంగతిని ఈ వాదులు దాటవేస్తారు. మనిషి పక్కన ఉండి దిద్దుతున్నప్పుడు యంత్రం అదనంగా చేసేదేమీ లేదని ఆ పరిశోధన రుజువు చేసింది. దిద్దేవారే అక్కరలేదని చెప్పలేదు. కాగితం చేతిలో పెట్టి పంపడాన్ని దానితో సమర్థించుకోవడం లెక్కను తిరగేసి చదవడమే.

పైగా ఓపల్ పరిశీలించింది మూత్రం పడటాన్నే. సడలింపు రాని మలబద్ధకంలో లెక్క వేరు. అక్కడ మలద్వారంలో సన్నని సెన్సర్ ఉంచి తెరమీద గీత చూపిస్తారు. ముక్కినప్పుడు పడిపోవలసిన గీత పైకి లేవడం చూసిన తరువాతే చాలామంది రోగులకు తమ శరీరం తమకు ఎదురు తిరుగుతున్నదని మొదటిసారి అర్థమవుతుంది. ఆపైన నీళ్ళు నింపిన చిన్న బెలూనును బయటికి పంపడం సాధన చేయిస్తారు. ఇటలీలో కియారియోనీ బృందం 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఇలాంటి రోగులలో వారానికొకటి చొప్పున అయిదు శిక్షణలు పొందినవారిలో 80 శాతం మందికి, విరేచనకారి వాడినవారిలో 22 శాతం మందికి ఆరు నెలల నాటికి గణనీయమైన మెరుగు కనిపించింది. అదే బృందం అంతకు ఏడాది ముందు తేల్చిన విషయం ఇంకా విలువైనది: పెద్దపేగు కదలికే మందగించిన మలబద్ధకంలో ఈ శిక్షణ దాదాపు ఎందుకూ కొరగాలేదు. యంత్రం ఒకటే, ఫిర్యాదు ఒకటే, మారింది జబ్బు.

నొప్పి విషయమూ ఇంతే. బిగుసుకొని, తాకితేనే బాధించే కండరాలున్న మూత్రాశయ నొప్పి రోగులలో ఆ కండరాలను చేతితో సడలించే ఫిజియోథెరపీ వల్ల 59 శాతం మంది, మామూలు మర్దన వల్ల 26 శాతం మంది మెరుగయ్యారని 2012లో ఫిట్జెరాల్డ్ బృందం చూపింది. ఇలాంటివారికి రోజుకు మూడుసార్లు బిగింపులు రాసివ్వడం పుండుమీద కారం చల్లడమే.

ఎవరికి బిగింపు కావాలో, ఎవరికి సడలింపు కావాలో ముందు పరీక్షించి తేల్చాలంటే, మన దేశంలో అంతమంది నిపుణులు ఎక్కడున్నారని, లోపలి పరీక్షకు ఆడవాళ్ళు ఒప్పుకుంటారా అని అడిగేవారున్నారు. మొదటి ప్రశ్న న్యాయమైనదే. రెండవదానిలో రోగి సిగ్గుకంటే వైద్యుడి మొహమాటమే ఎక్కువగా కనిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఈ ఆపరేషన్లలో అధిక రక్తస్రావానికి చేసినవే ఎక్కువన్నది ఒప్పుకోవలసిందే. అయినా, ఇంత పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకున్న స్త్రీలు వేలితో చేసే పరీక్షకు ఒప్పుకోరనడం వింతగా ఉంటుంది. ఆ పరీక్షకు తెర కూడా అక్కరలేదు. గ్లౌజు, కొంచెం జెల్లీ, అయిదు నిమిషాల సమయం ఉంటే, బిగించమన్నప్పుడు కండరం వేలిని పట్టుకొని పైకి లాగుతున్నదా, వదలమన్నప్పుడు నిజంగా వదులుతున్నదా, ముక్కమన్నప్పుడు సడలడానికి బదులు గట్టిపడుతున్నదా, ఏ చోట నొక్కితే రోగి ఉలిక్కిపడుతున్నదో తెలిసిపోతుంది. కెగెల్ వ్యాయామాల కాగితం చేతిలో పెట్టాలో, దానిని వెనక్కి తీసుకోవాలో అప్పుడు గాని తేలదు.