నవాగామ్ : కొత్త ఊరు – పాత పలుకు

అమెరికాలో అనేక చిన్న పట్టణాల పొలిమేరలో ఊరి పేరు, దాని క్రింద జనసంఖ్య వ్రాసిన పలక కనబడుతుంది. బాటసారి ఊరిలో అడుగిడక ముందే అచట ఎందరున్నారో తెలిసికొనగలడు. మన దేశంలో ఊరి లెక్క అంత సులువుగా చేతికందదు. ఊరు పెరుగుతుంది, పొరుగూరితో కలుస్తుంది, తుదకు మహానగరంలో లీనమవుతుంది. సూరత్ ఆగ్నేయ భాగంలో దిండోలిని ఆనుకొని ఉన్న నవాగామ్ ఇందుకు చక్కని ఉదాహరణ.

గుజరాతీ భాషలో 'నవాగామ్' అనగా కొత్త ఊరు. ఆ రాష్ట్రంలో ఈ పేరుగల గ్రామాలు పెక్కు కలవు. 1961 ఏప్రిల్ 5న నర్మదా ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన గావించినది కూడ మరొక నవాగామ్‌లోనే. మనం ముచ్చటించుకొనుచున్నది తపతీ తీరపు నవాగామ్.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టిన తపతి సుమారు 724 కిలోమీటర్లు పయనించి, సూరత్ దాటి అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఆ నది మేట వేసిన పల్లపు నేల ఇది. సముద్రమట్టానికి నగరపు ఎత్తు సుమారు 13 మీటర్లు మాత్రమే. నల్లరేగడి చేలలో ఒకప్పుడు పైరులు పండిన ఈ ప్రాంతంలో నేడు ఇరుకు వీధులు, బారులు తీరిన ఇండ్లు, రేయింబవళ్ళు మ్రోగు మరమగ్గాలు నిండియున్నవి. పల్లమగుటచే వరద భయము వీడలేదు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి విడిచిన నీటితో నగరంలో అధిక భాగం మునిగిపోయినది.

ఈ ప్రాంతపు భాగ్యరేఖ రైలు మార్గము. ఉధనా నుండి జల్గాఁవ్ వరకు సుమారు 300 కిలోమీటర్లు సాగు తపతీ లోయ మార్గం 1900 ప్రాంతంలో ఏర్పడినది. అహ్మదాబాదు నుండి చెన్నైకి పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే నడచి, వార్ధా, బల్హార్షా మీదుగా మంచిర్యాల, రామగుండం, వరంగల్లులను చేరుతుంది. తెలంగాణ నేతగాండ్రకు సూరత్ దగ్గరగుటలో ఈ బండి పాత్ర చిన్నది కాదు.

వారి వలసకు కారణం సుస్పష్టము. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలలో చేమగ్గము కూడు పెట్టలేని దశ వచ్చినప్పుడు పద్మశాలీలు తొలుత షోలాపూరు, బొంబాయి, భివండీలకు, పిమ్మట సూరత్‌కు తరలిరి. కృత్రిమపట్టు వస్త్రాల తయారీ ఇచట విస్తరించిన కొలది పని దొరికినది. సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. యంత్రమను అర్థంలో ఆ మాట గుజరాతీలోనూ ఉన్నది. పనివానితో పాటు పనిముట్టు పేరు కూడ ప్రయాణము చేసినదన్నమాట!

ఇక జనసంఖ్య. సూరత్ నగర జనాభా 1991లో దాదాపు 15 లక్షలు, 2001లో 24 లక్షలు, 2011లో 44 లక్షలకు పైబడినది. ఇందు కొంత పెరుగుదల పొలిమేర జరుగుటవలన వచ్చినదే. 2006లో నగరపాలక సంస్థ విస్తీర్ణం సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుండి 326కు పెరిగినది. ఇట్లు ఊరు నగరంలో కలిసిన పిదప దాని ప్రత్యేకమైన లెక్క వార్డుల లెక్కలలో కరగిపోతుంది. అందుండు తెలుగువారి లెక్క మరింత మరుగున పడుతుంది.

లెక్కతో పనియేమి అని కొందరనవచ్చును. పని ఉన్నది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లములతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య నేర్పుటకు తగు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం నిర్దేశించుచున్నది. అయితే బడి నిలుచుటకు పిల్లలు కావలెను. పిల్లలున్నారని చూపుటకు లెక్క కావలెను. ఇంట తెలుగు, వీధిలో హిందీ, అంగడిలో గుజరాతీ పలుకు రెండవ తరము, మూడవ తరము వారు మాతృభాష గడిలో ఏమి వ్రాయింతురో దానిపై ఆ బడుల భవిష్యత్తు కొంతైనను ఆధారపడియున్నది.

1994లో ప్లేగు భయంతో లక్షలాది జనులు సూరత్ విడిచిపోయిరి. 2020లో లాక్‌డౌన్ వలన మగ్గాలాగినప్పుడు వలస కార్మికులెందరో స్వగ్రామాల బాట పట్టిరి. రెండుమార్లును నగరం మరల నిండినది. వచ్చిపోవు వారి ఊరేది అను ప్రశ్నకు జనగణన ఒక్కటే వ్రాతపూర్వకమైన సమాధానమీయగలదు. 2021లో జరుగవలసియుండి వాయిదాపడిన ఆ గణనకు 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా ప్రభుత్వము ప్రకటించినది. పుట్టిన చోటు, వలసకు కారణము, మాతృభాష – ఈ మూడును జనగణనలో అడుగు విషయములే.

ఉద్యోగరీత్యా పరరాష్ట్రాలలో నివసించు మన సహోద్యోగులకు కూడ ఇది వర్తించును. గణకుడు గుమ్మము ముందు నిలిచినప్పుడు తొందరలో 'ఏదో ఒకటి వ్రాసికొనండి' అనక, ఇంటిలో పలుకు భాష పేరు స్పష్టముగా చెప్పవలెను. నవాగామ్ పొలిమేరలో జనసంఖ్య పలక లేకపోవచ్చును. గణన పత్రంలో 'తెలుగు' అను మాట మాత్రము ఉండి తీరవలెను.