కిలో పాలపొడి, గంట ఆట

జమైకా అనగానే మనకు గుర్తొచ్చేది క్రికెట్, ఉసేన్ బోల్ట్, బాబ్ మార్లే పాట. పసిపిల్లల ఎదుగుదల గురించి ప్రపంచమంతా నేటికీ ఉదాహరణగా చెప్పుకునే ప్రయోగమొకటి ఆ చిన్న దీవిలోనే జరిగింది. మన అంగన్‌వాడీల గురించి జరిగే చర్చల్లో దాని ఊసు రావడం అరుదు.

1986-87లో రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల్లో, వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారిన 129 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. అందరూ తొమ్మిది నెలలకూ రెండేళ్లకూ మధ్య వయసువాళ్లు. వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే పరిశోధకురాలి బృందం వాళ్లను నాలుగు జట్లు చేసింది. ఒక జట్టుకు వారానికి కిలో పాలపొడి ఇచ్చారు. ఇంకో జట్టు పిల్లల ఇంటికి వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వచ్చి గంటసేపు ఆట ఆడించేది. మూడో జట్టుకు పాలపొడీ ఆటా రెండూ అందాయి, నాలుగో జట్టుకు రెండూ లేవు. ఇలా రెండేళ్లు సాగింది.

వచ్చిన మనిషి సైకాలజీ చదివిన నిపుణురాలేమీ కాదు. ఆరోగ్య కేంద్రంలో పనిచేసే మామూలు కార్యకర్త, కొద్ది వారాల శిక్షణ పొందింది, అంతే. సంచిలో పారేసిన ప్లాస్టిక్ సీసాలతో చేసిన ఆటవస్తువులు, చెక్కముక్కలు, గుడ్డబొమ్మ, చేత్తో గీసిన బొమ్మల పుస్తకం ఉండేవి. ఈ వారం ఇచ్చినవి ఇంట్లోనే వదిలి, మళ్లీ వచ్చినప్పుడు కొత్తవి ఇచ్చి పాతవి తీసుకెళ్లేది. అయితే అసలు కిటుకు ఆ సంచిలో లేదు. ఆమె బిడ్డను ముద్దుచేసి, నాలుగు ఆటలు ఆడించి వెళ్లిపోయేది కాదు. తల్లి ఎదుట చేసి చూపించి, తల్లి చేత చేయించి, బాగా చేస్తే మెచ్చుకునేది. నీళ్లు పోసేటప్పుడు ముక్కూ చెవీ పేర్లు చెప్పడం, బట్టలు ఉతికేటప్పుడు ఏది పెద్దది, ఏది చిన్నది అని అడగడం, బిడ్డ ఏదో శబ్దం చేస్తే దానికి బదులు పలకడం. ఎలాగూ చేయక తప్పని పనుల్లోనే ఇవన్నీ కలిసిపోయేవి. వారానికి 168 గంటలు, అందులో కార్యకర్త ఉండేది ఒక్క గంట. మిగతా 167 గంటలు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఆ బృందానికి బాగా తెలుసు.

రెండేళ్ల చివర పాలపొడి జట్టూ మెరుగుపడింది, ఆట జట్టూ మెరుగుపడింది. రెండూ అందిన పిల్లలు గిడసబారని పిల్లల స్థాయికి దాదాపు చేరుకున్నారు. అక్కడితో ఆగివుంటే ఇది నలుగురు మరిచిపోయే అధ్యయనమే. కానీ ఆ పిల్లల్ని వదిలిపెట్టకుండా బడి ఈడులో, కౌమారంలో, పెద్దయ్యాక వెతికి పట్టుకుని మళ్లీ మళ్లీ చూశారు. పాలపొడి వల్ల తెలివితేటల్లో వచ్చిన తేడా కాలం గడిచేకొద్దీ చెరిగిపోయింది, ఆట వల్ల వచ్చింది నిలిచింది. ఇరవై రెండేళ్ల వయసులో ఆట అందిన జట్ల సంపాదన అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువని 2014లో ప్రచురించారు. హింసకు దిగడం కూడా వాళ్లలో తక్కువ. 129 మంది అంటే చిన్న లెక్కే, నిజమే. కానీ ఇంత ఓపికగా ఇన్నేళ్లు వెంట నడిచిన అధ్యయనాలు ఎన్ని ఉన్నాయి గనక!

మన దగ్గర మూడేళ్లలోపు బిడ్డకు అంగన్‌వాడీ నుంచి ఏం అందుతుంది? బాలామృతం, గుడ్డు, టీకా గుర్తుచేయడం, ఎత్తూ బరువూ చూడటం. ఇవేవీ తక్కువవి కావు, కింగ్‌స్టన్‌లోనూ కడుపు నిండటం పక్కన పెట్టమని ఎవరూ అనలేదు. కానీ తూచగలిగిందే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది, రిజిస్టర్‌లో ఉన్నదాని గురించే సూపర్‌వైజర్ అడుగుతారు. బిడ్డతో తల్లి ఎంత మాట్లాడిందన్న దానికి గడి లేదు. మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో నవచేతన అనే ప్రణాళిక తెచ్చింది, అందులో నెలవారీ ఆటలున్నాయి. కాగితం మీద బాగానే ఉంది. ఇప్పటికే ఫోన్‌లో వివరాలు నింపలేక సతమతమయ్యే టీచర్‌కు ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే నా ప్రశ్న.

ఇవన్నీ మన అమ్మమ్మలు ఎప్పుడో చేశారు కదా అని వెంటనే ఎవరో అంటారు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టడం, తారంగం ఆడించడం, వెన్నెట్లో గోరుముద్దలు, అన్నీ ఉన్నాయి. కింగ్‌స్టన్ పిల్లలకు మాత్రం అమ్మమ్మలు లేరా? ఉన్నారు. పేదరికంలో పనికీ పనికీ మధ్య ఊపిరి అందని ఇంట్లో ఇవి మొదట జారిపోతాయి. పాలమూరు నుంచి కట్టడాల పనికి వలస వచ్చిన కుటుంబంలో బిడ్డను ఎత్తుకునేది తల్లా, ఏడేళ్ల అక్కా? ఇక డబ్బున్న ఇళ్లలో ముద్ద మింగించడానికి బిడ్డ ఎదుట ఫోన్ పెడుతున్నారు. ముద్ద లోపలికి పోతుంది, మాట పోదు.

జమైకా పద్ధతిని ఎక్కడ పెడితే అక్కడ మొలుస్తుందని కూడా అనుకోకూడదు. కొలంబియాలో స్థానిక మహిళల చేత పెద్ద ఎత్తున ఇదే చేయించారు. పద్దెనిమిది నెలలు జరిగింది, ఫలితం కనిపించింది. ఆపేసిన రెండేళ్లకు చూస్తే ఆ ఫలితం మిగల్లేదు. ఎందుకన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు.

మనకు పొరుగున ఒడిశాలో జరిగింది మరీ ఆసక్తికరం. 192 గ్రామాల్లో కొన్నిచోట్ల ఇంటికి వెళ్లారు, కొన్నిచోట్ల తల్లుల్ని ఒకచోట కూర్చోబెట్టి బిడ్డలతో ఆడించారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం పిల్లల ఎదుగుదలకు రెండూ దాదాపు సమానంగానే పనిచేశాయి. గుంపుగా చేస్తే ఖర్చు బాగా తక్కువ. బాలామృతం తీసుకోవడానికి తల్లులు ఎలాగూ కేంద్రానికి వస్తారు, ప్యాకెట్ చేతిలో పడగానే వెళ్లిపోతారు. ఆ రోజు రెండు చాపలు పరిచి, ఖాళీ డబ్బాలూ గుడ్డబొమ్మలూ ముందు పెట్టి, ఒక అరగంట టీచర్‌ను ఫోన్ పక్కన పెట్టనిస్తే చాలు, మొదలుపెట్టడానికి.