బొమ్మలో బంధించిన అక్షరం ఎవరి కోసం?

మా మేనమామగారు విశ్రాంత తెలుగు పండితులు. నీటికాసుల వ్యాధితో చూపు దాదాపుగా పోయింది. అయినా చదువు మానలేదు. ఎన్‌విడిఎ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెర మీది అక్షరాలను పైకి చదువుతూ ఉంటే చెవులతో చదువుకొంటారు. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఆ పనిముట్టు తెలుగునూ పలుకుతుంది. ఉచ్చారణ కాస్త యంత్రపు యాసే. ఒత్తులు పలికే తీరుకు ఆయన మొదట్లో తల పట్టుకొన్నారు, ఆ పైన అలవాటు పడ్డారు.

మొన్న ఒక సాహిత్య సభకు ఆహ్వానం వచ్చింది. ఆయన తెరవగానే యంత్రం “గ్రాఫిక్” అని ఒక్క మాట పలికి ఊరుకొంది. వేదిక, వేళ, వక్తల పేర్లు అన్నీ ఒక అందమైన బొమ్మలో ఇరుక్కొని ఉన్నాయి. “ఏరా, సభకు గుడ్డివాళ్ళు రాకూడదనా?” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నిర్వాహకులకు వ్రాస్తే, “బొమ్మయితే చక్కగా కనిపిస్తుందండీ” అని జవాబిచ్చారు. ఎవరికి?

మిత్రులారా, ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఒకప్పుడు తెలుగు పత్రికల జాలస్థలాలు ఒక్కొక్కటి ఒక్కో ఖతితో నడిచేవి. ఆ ఖతి లేనివారికి తెలుగుకు బదులు లాటిన్ అక్షరాల గుంపు కనిపించేది. “ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే చూడగలరు” అన్న హెచ్చరిక గుమ్మానికి వ్రేలాడేది. ఆ ఎక్స్‌ప్లోరర్‌కు 2022లో మైక్రోసాఫ్టే సెలవు చెప్పింది! యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, దానిని వాడుకలోకి తేవడానికి మనవారు ఏళ్ళ తరబడి వాదించారు. ఆ వాదన అందం కోసం కాదు. అక్షరం అక్షరంగా ఉండాలనీ, వెదికితే దొరకాలనీ, ఏ విహారిణిలోనైనా తెరుచుకోవాలనీ. అలా గెలుచుకొన్న అక్షరాన్ని ఇప్పుడు మన చేతులతోనే బొమ్మలో పాతిపెడుతున్నాం. పాత డీటీపీ ఖతులతో కూర్చిన పీడీఎఫ్‌ల సంగతి సరేసరి. కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థం లేని గిలుకుడు.

“అంధులు ఎందరు చదువుతారండీ?” అంటారు కొందరు. చదవనివ్వని తరువాత లెక్క అడగడం ఏమి న్యాయం? సిడ్నీ ఒలింపిక్స్ నిర్వాహకులూ తమ జాలస్థలాన్ని సరిదిద్దడం తలకు మించిన ఖర్చన్నారు. ఫిర్యాదు చేసిన ఒక అంధుని పక్షాన 2000లో తీర్పు వచ్చింది. చివరకు 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఒక సభా ఆహ్వానానికి కోర్టులెందుకు గానీ, సిగ్గయినా ఉండాలి కదా.

చేయవలసినది కొండంత కాదు. బొమ్మ పెట్టండి, ఎవరు వద్దన్నారు? దాని వెనుక ‘ఆల్ట్’లో నాలుగు మాటలు వ్రాయండి, సమాచారాన్ని క్రింద పాఠ్యంగా ఇవ్వండి. పేజీ భాష తెలుగని కోడులో ఒక్క ముక్క చెప్పండి. లేకుంటే చదివే యంత్రం తెలుగును ఇంగ్లీషు గొంతుతో పలకబోయి బోర్లా పడవచ్చు. తెల్లని నేల మీద లేత బూడిద రంగు అక్షరాలు మానండి. అక్షరానికీ నేపథ్యానికీ కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలని 2008 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్పాయి. నలభై దాటిన నా కళ్ళు కూడా ఆ మాటే చెబుతున్నాయి.

ఆ ఆహ్వానాన్ని నేనే టైపు చేసి మామయ్యకు పంపాను. పదకొండు పంక్తులు. ఐదు నిమిషాలు పట్టింది.