ఉత్త కాగితమే గదా!

పోయిన ఆదివారం మా ఇంటికి ఒక కుర్రవాడు భోజనానికి వచ్చాడు. కడప జిల్లావాడు. డిగ్రీ ముగించి, మారతహళ్ళిలో పీజీ హాస్టలులో ఒక మంచం అద్దెకు పుచ్చుకొని, ఆరు నెలలుగా ఉద్యోగానికి తిరుగుతున్నాడు. ఇటువంటి బిడ్డలు మన పేటలో ఎందరున్నారో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. రింగు రోడ్డు వెంబడి అద్దాల మేడలు. వెనుక సందుల్లో పీజీలు, ఆంధ్రా మెస్సులు. ప్రతివాడి చేతిలోనూ ఒక లాప్‌టాపు. అది చాలాచోట్ల తండ్రి అప్పుచేసి కొన్నది.

గోంగూర పప్పు వడ్డిస్తూండగా కుర్రవాడు సంతోషంగా ఒక కబురు చెప్పాడు. ముఖపరిచయం లేని ఒకాయన ఉద్యోగం ఇస్తామని రాసి, పరీక్ష కోసమని కొన్ని ఫైళ్ళు పంపాడట. మా కోడలు ఒక కంపెనీలో ఈ పనే చేస్తుంది. గరిటె ఆపి, “తెరిచావా?” అని అడిగింది.

“ఇంకా లేదు వదినా. అయినా అవి ఉత్త టెక్స్ట్ ఫైళ్ళే గదా! చదివితే ఏమవుతుంది?” అన్నాడు.

మేమూ అదే అనుకొన్నాము. కాగితం మీది అక్షరాలు మనిషిని ఏం చేస్తాయి? కాని ఆ ధీమా తగదని 2019లో తేలిపోయింది. కోడలు చెప్పినదీ, తరువాత మేము చదివి తెలుసుకొన్నదీ ఇక్కడ రాస్తున్నాము.

విమ్ అని ఒక ఎడిటరు కలదు. అనగా కంప్యూటరులో అక్షరాలు రాసుకొనేందుకు, దిద్దుకొనేందుకు పనికివచ్చే సాధనం. హాలండు దేశస్థుడు బ్రామ్ మూలెనార్ 1991లో దానిని లోకానికి ఇచ్చాడు. ధర అడగలేదు; ఇవ్వదలచినవారు ఉగాండాలోని అనాథ పిల్లలకు ఇవ్వండి అన్నాడు. 2023లో కాలం చేసేవరకూ దానిని కనిపెట్టుకొనే ఉన్నాడు.

అందులో మోడ్‌లైన్ అనే సదుపాయం ఉంది. ఫైలు మొదటి ఐదు పంక్తుల్లోగాని, చివరి ఐదు పంక్తుల్లోగాని ‘నన్ను ఈ విధంగా చూపించు’ అని రాసి ఉంటే, ఎడిటరు అలాగే నడుచుకొంటుంది. ఇందులో ప్రమాదం ఉన్నదని తెలిసే, అటువంటి మాటలను ఒక కంచె లోపలే నడిపేవారు. ఆర్మిన్ రజ్మ్‌జూ అనే పరిశోధకుడు ఆ కంచెకు ఒక కంత కనిపెట్టాడు. ‘ఫలానా ఫైలులో ఉన్నదంతా యజమాని స్వయంగా టైపు చేసినట్లే నడుపు’ అనే ఆజ్ఞ ఒకటి కంచె దాటిపోతున్నది. ఇక ఆ ఫైలు తనను తానే చూపించి ‘నన్ను నడుపు’ అనగలదు గదా! తెరిచిన మరుక్షణం యంత్రం పరాయివాని చేతిలో పడుతుంది. ముందుగా పైపైన చూచుకొన్నా కనపడకుండా ఆ పంక్తిని దాచవచ్చునని కూడా ఆయన చూపించాడు.

మందు ఆ సంవత్సరమే వచ్చింది. విమ్ 8.1.1365 కన్న పాతది, దాని తోబుట్టువు నియోవిమ్ 0.3.6 కన్న పాతది వాడేవారు వెంటనే మార్చుకోవలెను. విమ్‌ఆర్‌సి అనే సెట్టింగుల ఫైలులో ‘సెట్ నోమోడ్‌లైన్’ అని ఒక్క పంక్తి రాసుకొంటే, ఫైలు చెప్పే మాటలను ఎడిటరు చెవిన పెట్టదు. పరాయి ఫైలును రూట్ అధికారంతో ఎన్నడూ తెరవరాదు. ఇంటి బ్యాంకు వివరాలున్న లాప్‌టాపులో గాక, విడిగా వర్చువల్ మెషీన్‌లో తెరవడం మరీ మంచిది.

మందు కొనే దుకాణమూ చూచుకోవలెను. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వాడేవారిలో కొందరికి 2025లో అప్‌డేటు పేరిట దుండగుల సరుకు అందింది. ఆ ఎడిటరు వెబ్‌సైటును ఉంచినచోట దుండగులు చొరబడి దారి మళ్ళించారు. 8.8.9 నుంచి అది, వచ్చిన అప్‌డేటు మీది సంతకం సరిచూచిగాని ఒప్పుకోదు.

మా కుర్రవాడు వాడేది వీఎస్ కోడ్. కొత్త ఫోల్డరు తెరవగానే ‘ఇవి రాసినవారిని నమ్ముతారా?’ అని 2021 నుంచి అది అడుగుతున్నది. “నమ్ముతానని నొక్కేవాణ్ణి వదినా, ఎప్పుడూ చదవలేదు” అని ఒప్పుకొన్నాడు. నమ్మను అంటే రిస్ట్రిక్టెడ్ మోడ్‌లో తెరుచుకొంటుంది. చదువుకొనేందుకు అది చాలు.

మా భయం ఎడిటర్ల గురించి కాదు. ఉద్యోగం లేనివాడు ‘అయ్యా, మీరెవరు?’ అని అడగడానికి జంకుతాడు; అడిగితే ఉన్న అవకాశం పోతుందేమోనని. దుండగుడికి ఆ జంకే పెట్టుబడి. కోడలు పక్కన కూర్చొని కుర్రవాడి చేత ఆ ప్రశ్న రాయించింది: మీ కంపెనీ ఏది, ఆఫీసు ఎక్కడ? ఈ సంచిక అచ్చుకు వెళ్ళేవరకూ జవాబు లేదు. కుర్రవాడు ఫైళ్ళు తీసేశాడు. రెండు రోజులు దిగులుగానే ఉన్నాడు.

ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలను ఒకటి కోరుతున్నాము. ప్రతి ఇంట్లో ఈ పని తెలిసిన కొడుకో, కోడలో ఉన్నారు. పీజీలో ఉన్న బిడ్డను ఒకరిని ఆదివారం భోజనానికి పిలవండి. ఫైలు తెరిచేముందు అడగడానికి వానికి ఒక ఇల్లుంటుంది.